లాలాగూడ గ్యాలరీలో కాకినాడ అమ్మాయి

కబడ్డీ సెమీఫైనల్ గెలిచిన సంబరంలో లాలాగూడ అభిమానుల గ్యాలరీ ఊగిపోతున్న వేళ, రేపటి ఫైనల్లో తలపడబోయే కాకినాడ జట్టు కెప్టెన్ మెడలో తువ్వాలుతో నేరుగా ఆ గ్యాలరీ కిందికి నడిచి వచ్చింది. తలెత్తి చూసి, "ఏమే సుప్రజా! నువ్వేంటే ఇక్కడ?" అని కేకేసింది. డప్పు ఆగిపోయింది. అందరి కళ్లూ సుప్రజ వైపు తిరిగాయి. పోయిన వారం మనం ఆమెను వదిలింది అక్కడే.

ఆ కెప్టెన్ పేరు సుధామయి. సుప్రజకు సొంత అక్క. ఆ సంగతి సుప్రజ ఈ ఊళ్లో ఎవరికీ చెప్పలేదు.

ఎమ్మెస్సీ జియాలజీ చదవడానికి కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో ఆమెకు ఈ ఊరు బొత్తిగా అంటలేదు. హాస్టల్ మెస్సులో పక్కన కూర్చున్న వాళ్ల మాటలు సగం అర్థమయ్యేవి, సగం అయ్యేవి కావు. సాయంత్రం కాగానే కిటికీ దగ్గర కూర్చుని ఇంటికి ఫోన్ చేయడం, పెట్టేశాక ఇంకాస్త దిగులుపడడం. ఆమె వాలకం చూడలేక రూమ్మేట్ పద్మశ్రీ ఓ ఆదివారం చెయ్యి పట్టుకుని లాలాగూడ రైల్వే గ్రౌండ్‌కు లాక్కుపోయింది. పద్మశ్రీది జనగామ దగ్గర ఓ పల్లె. వాళ్లింట్లో అందరికీ కబడ్డీ పిచ్చి.

"కూసోని చూడు. నచ్చకుంటే లేచి పోదాం" అంది.

ఆ రోజు లాలాగూడ ఆడపిల్లల జట్టు ఓడిపోయింది. అయినా సుప్రజ లేచిపోలేదు. మనీషా అనే బక్కపలచని అమ్మాయి కూత పట్టి అవతలి బరిలోకి దిగి, ముగ్గురు మీద పడినా ఈడ్చుకుంటూ వచ్చి గీత ముట్టుకున్నప్పుడు, తన గొంతులోంచి అంత కేక ఎలా వచ్చిందో సుప్రజకే తెలియలేదు. మర్నాడు క్లాసులో అటెండెన్స్ పలకడానికి గొంతు లేక చెయ్యెత్తితే ప్రొఫెసర్ నవ్వేశాడు. ఆ నవ్వుకు క్లాసంతా నవ్వింది. వచ్చాక మొదటిసారి ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వింది.

అప్పటి నుంచీ ఆమె లాలాగూడ మనిషే. ప్రాక్టీసులకు వెళ్లేది. ఫోన్లో వీడియోలు తీసి జట్టు పేజీలో పెట్టేది. రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన బిక్షపతి, ఆ గ్యాలరీకి పెద్ద దిక్కు, డప్పు మీద దరువు వేస్తూ ఆమెకు కేకలు నేర్పించాడు. తార్నాకలో కూరగాయలు అమ్మే ఆవిడ కూడా "మ్యాచ్ ఏమైంది బిడ్డా?" అని అడిగేది. ఊరు అంటడమంటే ఇదే కాబోలు అనుకునేది సుప్రజ.

ఇప్పుడు ఆ ఊరే ఆమెను నిలదీస్తోంది.

సెమీఫైనల్ మర్నాడు పొద్దున తార్నాక చౌరస్తాలో, మెట్రో స్తంభాల పక్కన ఉన్న చాయ్ హోటల్‌కు రమ్మని బిక్షపతి కబురు పెట్టాడు. పద్మశ్రీని వెంటబెట్టుకుని వెళ్లింది. ఎప్పుడూ కూర్చునే బల్ల చుట్టూ గ్యాలరీ వాళ్లంతా ఉన్నారు. ఎవరూ పలకరించలేదు. ఎప్పుడూ ఆమెకోసం జరిగి చోటిచ్చే వాళ్లు ఈసారి కదల్లేదు.

"కూసో బిడ్డా" అన్నాడు బిక్షపతి. ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఆమెకు ఎక్కువ భయమేసింది. "గామె మీ అక్కనా?"

"అవును కాకా."

"సొంత అక్కనా?"

"సొంత అక్కే."

"మరి మొదట్లనే నేను అడిగిన. మీ ఇంట్ల ఎవరన్నా ఆడుతరా బిడ్డా అని. లేరన్నవ్."

సుప్రజ తల దించుకుంది. బల్ల చివర కూర్చున్న ఓ కుర్రాడు ఊరుకోలేకపోయాడు.

"ఏముంది కాకా, సాఫ్ కనబడ్తలేదా? ప్రాక్టీసుల పొద్దుమాపు గీమెనే ఉండె. వీడియోలు తీసె. మనీషా ఎట్ల తిరుగుతది, ఎటు దుంకుతది, అన్నీ ఫోన్ల ఉన్నయ్. గవన్నీ కాకినాడకు పోలేదని గ్యారంటీ ఏంది?"

"నోరు సంబాళించుకో!" పద్మశ్రీ లేచింది. "గా వీడియోలు పేజీల పెట్టింది. లోకమంత చూసింది. దాచేటిదైతే పేజీల ఎందుకు పెడ్తది?"

"మరి అక్కను ఎందుకు దాచింది?"

పద్మశ్రీ మెల్లగా కూర్చుంది. ఆమె కూడా సుప్రజ వైపు చూసింది. ఒకే గదిలో పడుకుని, ఒకే కంచంలో తిని, తనకూ చెప్పలేదే అన్న బాధ ఆ చూపులో ఉంది.

సుప్రజ ఎలా చెప్పగలదు? ఇంట్లో చదువుకునే పిల్ల తను, ఆటల పిచ్చితో చెడిపోయిన పిల్ల అక్క. మోకాళ్ల నిండా గీరుకుపోయిన దెబ్బలతో, కొబ్బరినూనె, చెమట కలిసిన వాసనతో అక్క ఇల్లు చేరితే నాన్న ముఖం తిప్పుకునేవాడు. అక్క మ్యాచ్ ఉన్న రోజున తనకు ట్యూషన్ ఉండేది. లేకపోయినా ఉందనేది. అక్క ఆడిన ఒక్క ఆట కూడా తను చూడలేదు. చూడని దాని గురించి ఇక్కడ గొప్పగా ఎలా చెప్పుకుంటుంది? చెప్పుకుంటే, "మీ అక్క ఎట్ల ఆడుతది?" అని అడిగితే ఏమని చెబుతుంది?

"నేనేమీ చెప్పలేదు కాకా" అంది చివరికి. "ఎవరికీ ఏమీ చెప్పలేదు. నన్ను నమ్మండి."

బిక్షపతి తన ముందున్న చాయ్ గ్లాసు ఆమె వైపు జరిపాడు.

"నమ్ముత బిడ్డా. కానీ గీ సాయంత్రం నువ్వు ఏడ కూసుంటవో నువ్వే చూసుకో. గ్యాలరీల మావోళ్లందరి నోళ్లు నేను మూయలేను."

సుప్రజ బయటికి వచ్చింది. వాళ్ల అనుమానం కన్నా పెద్దది ఒకటి ఆమె గుండెలో ఉంది. అది వాళ్లకూ తెలియదు, పద్మశ్రీకీ తెలియదు. మనీషా చీలమండ దెబ్బతింది. సెమీఫైనల్ ముందే. లోపల నరం సగం చీలిందనీ, ఇంకోసారి మెలిపడితే జన్మలో సరిగ్గా నడవలేదనీ డాక్టర్ చెప్పాడు. ఆ డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లింది సుప్రజ ఒక్కతే. జట్టులో తెలిస్తే ఆడనివ్వరని మనీషా ఒట్టు వేయించుకుంది. "ఫైనల్‌కు రైల్వే సెలెక్టర్లొస్తున్నరు. నౌకరి వస్తే మా అమ్మ ఇంకొకరింట్ల బాసన్లు తోమే పని ఉండదు. నోరు తెరిచినవంటే నీతోని జిందగీల మాట్లాడ" అంది.

ఇక సుధామయి కాకినాడ జట్టులో ఎడమ మూల కాచే కార్నర్. ఆమె పేరు వింటే కూతకొచ్చే రైడర్లు భయపడేది ఒక్కదానికే, వంగి చీలమండ ఒడిసి పట్టే పట్టుకి. ఆ మాట సుప్రజ ఇన్నేళ్లకు విన్నది లాలాగూడ వాళ్ల నోట. సొంత అక్క గొప్పతనం పరాయి ఊళ్లో, ప్రత్యర్థుల భయంలోంచి తెలిసింది.

"నువ్వు హాస్టల్‌కు పో. నేను వస్తా" అని పద్మశ్రీని పంపేసి, క్యాంపస్‌లో బయటి జట్లకు బస ఇచ్చిన గెస్ట్‌హౌస్ వైపు నడిచింది.

సుధామయి వరండా మెట్ల మీద కూర్చుని వేళ్లకు ప్లాస్టర్ చుట్టుకుంటోంది. చెల్లెల్ని చూసి చుట్టడం ఆపలేదు.

"వచ్చేవా? రాత్రంతా ఫోన్ చేస్తే ఎత్తవేంటే?"

"భయమేసిందక్కా."

"నన్ను చూసా?" సుధామయి నవ్వింది. ఆ నవ్వు కళ్ల దాకా రాలేదు. "నిన్న నిన్ను ముందు గొంతు పట్టి గుర్తుపట్టేను. ఎవరో పిల్ల గొంతు చించుకుని అరుస్తోంది, మన సుప్రజ గొంతులా ఉందే అనుకున్నాను. కాదులే, అది మ్యాచ్‌లకి రాదు కదా అనుకున్నాను. తలెత్తి చూస్తే నువ్వే."

సుప్రజ మెట్టు మీద కూర్చుంది. అక్క పక్కకు జరగలేదు, జరగమనీ అనలేదు.

"ఎన్నేళ్లు ఆడేనే మనూళ్లో? ఇంటికి కూతవేటు దూరంలో గ్రౌండ్. అమ్మ ఒకసారి వచ్చింది, నాన్నకి తెలీకుండా. నువ్వు రాలేదు. నేనేమీ అనుకోలేదు. దానికి ఆటలంటే పడదు, చదువుకునే పిల్ల అని సర్దుకున్నాను. ఆటలంటే పడకపోవడం కాదన్నమాట."

"అక్కా..."

"నా ఆటంటే పడలేదు."

ఆ మాటకు సుప్రజ కళ్లలో నీళ్లు తిరిగాయి. కాదంటే అబద్ధమే అవుతుంది. నాన్న ముఖం తిప్పుకున్నప్పుడు తనూ తిప్పుకుంది. ఇక్కడ నాన్న లేడు. అంతే.

"నేను తప్పు చేసేను" అంది మెల్లగా. "ఇక్కడికొచ్చాకే తెలిసింది నాకు. ఆటంటే ఏంటో, నువ్వేంటో. నువ్వు పట్టిన పట్టుల వీడియోలు వీళ్లు చూపిస్తుంటే నేను పక్కకి పోయి ఏడ్చేను."

సుధామయి చేతులు ఒక్క క్షణం ఆగాయి. మళ్లీ కదిలాయి.

"సరేలే. ఇప్పుడెందుకు వచ్చేవో చెప్పు. ఉత్తినే వచ్చే ముఖం కాదు నీది."

అక్క గొంతు కాస్త మెత్తబడింది అనుకుంది సుప్రజ. ఆ మెత్తదనమే ఆమెను ముంచింది. ధైర్యం కూడగట్టుకుని గబగబా అనేసింది.

"అక్కా, నిన్నొకటి అడుగుతాను. కాదనకు. మనీషాని పట్టు, ఓడించు, నాకేం బాధ లేదు. కానీ దాని కుడికాలు మాత్రం పట్టకక్కా. నడుం పట్టు, తొడ పట్టు, ఏదైనా సరే. ఆ చీలమండ మెలిపడితే ఆ పిల్ల ఇంక జన్మలో నడవదు."

సుధామయి తల ఎత్తింది. ప్లాస్టర్ చుట్ట మెట్టు మీద పెట్టింది.

"కుడికాలా?" అంది.

సుప్రజకు ముందు అర్థం కాలేదు.

"నిన్న దాని ఆట చూసి ఎక్కడో దెబ్బ ఉందని పోల్చుకున్నాం. మోకాలో, నడుమో, ఏ కాలో తెలీలేదు. పొద్దున్నించీ మా కోచ్ కమలాదేవి మేడమ్ వీడియో తిప్పి తిప్పి చూస్తోంది." సుధామయి గొంతు బాగా తగ్గింది. "నువ్వు చెప్పేదాకా నాకు తెలీదే సుప్రజా."

కాసేపటి క్రితమే చాయ్ హోటల్లో, ఎవరికీ ఏమీ చెప్పలేదు, నన్ను నమ్మండి అని అన్న గొంతే ఇది.

"అక్కా, నువ్వు మేడమ్‌తో చెప్పొద్దు. నీకు దణ్ణం పెడతాను."

"నువ్వేమడుగుతున్నావో నీకు తెలుస్తోందా?" సుధామయి లేచి నిలబడింది. ఇప్పుడు ఆమె ముఖంలో కోపం దాగలేదు. "నాకు పోయిన నెలతో ఇరవై నాలుగు నిండేయి. రైల్వే కోటాలో తీసుకోవడానికి ఇదే ఆఖరు ఏడాది. ప్రైవేటు స్కూల్లో పిల్లల చేత డ్రిల్లు చేయిస్తూ ముసలిదాన్నయిపోవాలా? సెలెక్టర్లు చూసేది దేన్నే? నా పట్టునే. నాకున్నది అదొక్కటే. దాన్ని వదిలెయ్యమంటున్నావు. జన్మలో నా ఆట చూడ్డానికి రాని దానివి, నా ఆట ఆపెయ్యమనడానికి వచ్చేవు!"

"ఆ పిల్లకి కూడా అంతే అక్కా. వాళ్లమ్మ..."

"అయితే ఆ పిల్ల ఇంట్లో కూర్చోవాలి. బరిలోకి దిగేక కాలు కాలే."

లోపలి నుంచి కోచ్ కమలాదేవి పిలుపు వినిపించింది. సుధామయి తలుపు దాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"సాయంత్రం ఎటు కూర్చుంటావు?"

జవాబు కోసం ఆగకుండా సుధామయి లోపలికి వెళ్లిపోయింది.

ఇక దాచి లాభం లేదనుకుంది సుప్రజ. ఫైనల్‌కు ముందు, పోటీలు జరుగుతున్న ఇండోర్ హాలు వెనక నడవాలో మనీషా ఒక్కతే కూర్చుని చీలమండకు గుడ్డ బిగించుకుంటుంటే వెళ్లి ఎదురుగా నిలబడింది. జరిగింది జరిగినట్టు చెప్పేసింది. అక్కను బతిమాలుకోబోయి, ఏ కాలో తనే బయటపెట్టానని చెప్పింది.

మనీషా గుడ్డ చివర దోపి, కాలు నేలకు ఆనించి చూసుకుంది.

"మంచిగ చేసినవ్" అంది. "నీకు చెప్పుడే నాది తప్పు."

"ఆడకు మనీషా. కాళ్లు పట్టుకుంటాను, ఆడకు. మీ కోచ్‌తో నేను చెబుతాను."

"చెప్పినవనుకో, గీ కాలు పోతదో లేదో గానీ నౌకరి మాత్రం పక్కా పోతది." మనీషా లేచింది. "నువ్వు వచ్చి చెప్పినవ్ గద, గది చాలు. ఎరుకై దిగుడు వేరు, ఎరుక లేక దిగుడు వేరు. పో. పోయి గ్యాలరీల కూసో. నీ గొంతు ఇనబడకుంటే నాకు కూత రాదు."

ఆ మాట కోపంతో అన్నదో ప్రేమతో అన్నదో సుప్రజకు తెలియలేదు. కానీ ఎటు కూర్చోవాలో మాత్రం తేలిపోయింది.

ఆమె లాలాగూడ వరసల్లోకి రాగానే కొందరు ముఖాలు తిప్పుకున్నారు. పొద్దున మాట తూలిన కుర్రాడు ఏదో గొణిగాడు. పద్మశ్రీ తన పక్కన పెట్టుకున్న సంచీ తీసి కింద పెట్టి చోటిచ్చింది. బిక్షపతి ఆమెను ఓసారి చూశాడు. డప్పు అందుకున్నాడు.

ఆట మొదలైంది. హాలు కిక్కిరిసి ఉంది. బరి పక్కన వేసిన కుర్చీల్లో రైల్వే సెలెక్టర్లు కాళ్ల మీద కాళ్లు వేసుకుని కూర్చున్నారు. మొదటి సగంలో రెండు జట్లూ నువ్వా నేనా అన్నట్టు ఆడాయి. మనీషా లోతుకు పోకుండా అంచుల వెంట తిరుగుతూ, కుడికాలు ముందుకు చాపకుండా చేత్తోనే పాయింట్లు తెచ్చింది. సుధామయి కార్నర్‌లో కాచుకుని ఉంది, తొందరపడలేదు. సుప్రజ జీవితంలో మొదటిసారి అక్క ఆట చూస్తోంది. వంగి, చేతులు కొంచెం ముందుకు పెట్టి, కళ్లు రైడర్ పాదాల మీంచి తిప్పకుండా నిలబడే ఆ తీరు ఎంత అందంగా ఉంది! దాన్ని చూసి మెచ్చుకోవాలో భయపడాలో తెలియక, పద్మశ్రీ చెయ్యి నలిపేస్తూ కూర్చుంది.

రెండో సగంలో లాలాగూడ వెనకబడింది. గ్యాలరీలో కేకలు పెరిగాయి. అవతలి బరి లోతున ఉండే బోనస్ గీత దాటితే తప్ప లాభం లేని పరిస్థితి. మనీషా కూతకు దిగింది.

"మనీషా!" సుప్రజ అరిచింది. అరవకుండా ఉండలేకపోయింది.

మనీషా ఎడమకు ఊగి, ఒక్కసారిగా కుడికాలు చాపింది. పాదం గీత దాటిందో లేదో, సుధామయి గద్దలా కిందికి వాలింది. రెండు చేతులూ ఆ చీలమండ చుట్టూ పడ్డాయి. అది సుప్రజ స్పష్టంగా చూసింది. హాలంతా చూసింది. కాకినాడ పిల్లలు ఇంకో నలుగురు మీదికి ఉరికారు. మనీషా నోట కూత తెగిపోయేలా ఓ మూలుగు వచ్చింది.

అంతలో సుధామయి చేతులు విడిపోయాయి.

జారాయా? వదిలాయా? ఆ రెప్పపాటులో మనీషా కాలు లాక్కుని, దొర్లి, చెయ్యి చాచి నడి గీత ముట్టుకుంది. మీద పడిన వాళ్లంతా అవుట్. లాలాగూడ గ్యాలరీ ఒక్క పెట్టున లేచింది. డప్పు హోరెత్తింది. పొద్దున తిట్టిన కుర్రాడే ఎగిరి గంతేసి సుప్రజ భుజాలు పట్టుకుని ఊపేశాడు. ఆమె ఊగిందే తప్ప కదల్లేదు. బరిలో మోకాళ్ల మీద కూర్చుండిపోయిన అక్క తన అరచేతుల వంక చూసుకుంటోంది. తర్వాత తలెత్తి లాలాగూడ వరసల వైపు చూసింది. వెతకాల్సిన పని లేనట్టు, నేరుగా సుప్రజ వైపే చూసింది.

ఆ చూపును ఇంకొకరు కూడా పట్టుకున్నారు. కోచ్ కమలాదేవి.

టైమ్ అవుట్ అడిగింది. సుధామయిని బెంచీ మీదికి పంపేసింది. సెలెక్టర్లలో ఒకాయన పక్కాయన చెవిలో ఏదో చెప్పి తల అడ్డంగా ఆడించాడు. కమలాదేవి పెద్దపెద్ద అడుగులతో అధికారుల బల్ల దగ్గరికి వెళ్లి, వేలు చూపిస్తూ ఏదో అంది. రిఫరీ వచ్చి చేరాడు. డప్పు మెల్లగా తగ్గింది. మైకు గరగరలాడింది.

"లాలాగూడ గ్యాలరీలో సుప్రజ అనే అమ్మాయి ఉంటే వెంటనే అఫీషియల్స్ టేబుల్ దగ్గరికి రావాలి."

"ఏమైందే?" అంది పద్మశ్రీ, రంగు పోయిన ముఖంతో.

సుప్రజ మెట్లు దిగింది. ఒక్కో వరస దాటుతుంటే ఆ వరసలో మాటలు ఆగిపోతున్నాయి. అటు కాకినాడ నుంచి వచ్చిన వాళ్లు లేచి నిలబడి చూస్తున్నారు. బరి అంచున మనీషా ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు నేలకు ఆనించలేక, తోటి ఆటగత్తె భుజం పట్టుకుని ఉంది.

"ఈ అమ్మాయి మా కెప్టెన్ చెల్లెలు" అంది కమలాదేవి రిఫరీతో. "ఇవాళ పొద్దున గెస్ట్‌హౌస్‌కి వచ్చి దాంతో మాట్లాడింది. వచ్చింది నేను కళ్లారా చూశాను. ఆ పట్టు వదిలే పట్టు కాదండీ. ఇన్నేళ్లలో ఆ పిల్ల చేతిలోంచి కాలు జారడం నేనెప్పుడూ చూళ్లేదు." సుప్రజ వైపు తిరిగింది. "ఏం అడిగేవు మీ అక్కని? ఇందరి ముందూ చెప్పు."

నిజం చెబితే అక్క జన్మలో మళ్లీ బరిలోకి దిగలేదు. మనీషా కాలు సంగతి అందరికీ తెలుస్తుంది, సెలెక్టర్లు అక్కడే ఉన్నారు. అబద్ధం చెబుదామంటే, పొద్దున చాయ్ హోటల్లో చెప్పిన నిజం కూడా కాసేపటికే అబద్ధమైపోయింది. సుప్రజ నోరు తెరిచింది.

బెంచీ మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్న సుధామయి అప్పుడు లేచింది. తువ్వాలు తీసి బెంచీ మీద పడేసింది. బరి పక్కగా నడుచుకుంటూ వచ్చి చెల్లెలికీ కోచ్‌కీ మధ్య నిలబడింది.

"దాన్నడగకండి మేడమ్" అంది. "ఆ కాలు ఎందుకు వదిలేనో నేను చెబుతాను. మైకు ఇటివ్వండి."